ఆఖరి చరణం దగ్గర ఆగిన పాఠం

శనివారం ఉదయం మా ఆవిడ కాఫీ తాగింది, రెండు ఇడ్లీలు తిని పియానో ముందు కూర్చుంది. మా అమ్మాయి పాడుతోంది. ఆఖరి చరణం దగ్గర ఆవిడ వాయించడం ఆపి, "ఎడమ చెయ్యి లాగుతోంది" అంది. అంబులెన్స్ త్వరగానే వచ్చింది. మధ్యాహ్నానికి ఆసుపత్రిలో పోయింది.

మీలో కొందరి పిల్లలు ఇక్కడ సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఎంత గట్టి మనిషో మీకు తెలుసు.

ఆ రోజు నేర్పుతున్నది ఒక పాత జాజ్ పాట. ఎందరో పాడారు. అందరూ చెప్పుకునే రికార్డు మాత్రం ఒక్కటే. అందులో ఆఖరి చరణానికి గాయని కావాలనే బ్యాండ్ కంటే వెనకబడుతుంది. ఎన్నిసార్లు విన్నా, ఈసారి అందుకోలేదేమోనని నాకు కంగారు. ఆవిడ నవ్వేది. శిష్యులకు ఆ రికార్డు ఒక్కసారే వినిపించి బీరువాలో పెట్టేసేది. అమ్మాయి ఫోన్‌లో చాటుగా విని అచ్చం అలాగే సాగదీస్తే ఇట్టే పట్టేసేది.

"ఆమె పాట ఆమె పాడేసింది. నువ్వు నీది పాడు."

"అందరికీ అదే ఇష్టం లా, అమ్మా." ఇక్కడి పిల్లలందరిలాగే మాట చివర ఆ 'లా' తగిలించేది.

"అయితే రికార్డే వింటారు. మధ్యలో నువ్వెందుకు?"

సెరంగూన్‌లోని తన ఇంటి నుంచి వచ్చినప్పుడల్లా మా అక్కయ్య అడిగేది. "ఈ ఏడుపు పాటలేంటే? పిల్లకి ఒక్క కీర్తన నేర్పకూడదూ?"

"దానికి మీరున్నారుగా, వదినా" అనేది మా ఆవిడ, చేతులు ఆపకుండా.

రేపు మ్యూజిక్ కాలేజీలో అమ్మాయికి ఆడిషన్. తప్పితే మళ్లీ ఏడాదికే. పాడాల్సింది ఆ పాటే. శనివారం తర్వాత అది గొంతు విప్పలేదు.

అక్కయ్య రోజూ వచ్చి మాకు వండిపెడుతోంది. ఇవాళ సాయంత్రం అంది. "తల్లికి పదో రోజైనా కాలేదు, పాటలేంట్రా? కర్తవి, నువ్వసలు గడప దాటకూడదు."

అమ్మాయి నా వైపు చూసింది. "నువ్వు వద్దంటే వెళ్లను నాన్నా. ఇట్స్ ఓకే లా."

నేను అక్కయ్య వైపు చూశాను. అది గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలి నుంచి ఆఖరి చరణం వినిపించింది. రికార్డులోలా సాగదీయలేదు. ఊపిరి చాలక మధ్యలో ఆగింది. ఇక పాడదనుకున్నాను. మళ్లీ అందుకుంది. వంటింట్లో అక్కయ్య గరిటె చప్పుడు ఆగిపోయింది. పాట అయ్యాక ఆమె అన్నం మీద మూత పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

రేపు పొద్దున్నే అమ్మాయిని తీసుకుని ట్రైన్ ఎక్కుతాను. తలుపులు మూసుకున్నాక అక్కయ్యకు ఫోన్ చేస్తాను.