కస్మూరి సీసా మీద గీసిన గీత

ఇండోనేషియాలోని సురబయాలో ఒక ఆసుపత్రిలో, కాలిన గాయాల వార్డు వెనక చర్మం పెంచే గది ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా అది కస్మూరిది. చదివింది పల్లెబడిలో ఆరో తరగతి. అయితేనేం, అతను పెంచిన చర్మం కప్పుకుని బతికినవాళ్లు రెండు వందల పద్నాలుగు మంది. అతని బల్ల దగ్గర పని నేర్చుకున్న డాక్టర్లు నలభై మంది. కణాలు పెంచే ఒక్క పళ్ళెంలోనూ బూజు పట్టనివ్వలేదు. ఈ లెక్క అడిగినవాళ్లకీ చెబుతాడు, అడగనివాళ్లకీ చెబుతాడు.

ఆ మంగళవారం పొద్దున మైక్రోస్కోపులో కన్ను పెట్టినవాడు, అద్దం తుడిచి మళ్లీ చూశాడు. టోఫు వేయించే నూనె మీద పడి వీపంతా కాలిన ఆరేళ్ల లరస్ కోసం, ఆ పిల్ల ఒంటి నుంచే తీసిన తపాలా బిళ్లంత ముక్కతో పెంచుతున్న కణాలవి. గురువారం అతికించాలి. నిన్నటిదాకా రాళ్లు పరిచినట్టు ఒరుసుకుని ఉన్నవి ముడుచుకుపోయి, బుడిపెలు లేచి, ముక్కలై తేలుతున్నాయి.

"నీ చేతులే తాతా," అన్నాడు రెండేళ్ల కిందట బయటినుంచి వచ్చిన గది పెద్ద, డాక్టర్ హెందార్తో. "ముసలితనం. ఏ మురికో ముట్టుకుని ఉంటావు, క్రిములు పట్టాయి."

"క్రిములైతే నీళ్లు పసుపెక్కి మబ్బేస్తాయి బాబూ. గులాబీ రంగు అలాగే ఉంది చూడండి. వీటిని ఎవరూ చంపలేదు, వాటంతట అవే చచ్చాయి."

"ఊరికే ఎందుకు చస్తాయట?"

"బతకమని చెప్పేవాళ్లు లేక. మనం పోసే గ్రోత్ ఫ్యాక్టర్ చేసే పని అదే. ఆ కబురు ఆగిందా, కణం తన చావు తానే ఏర్పాటు చేసుకుంటుంది."

"రోజూ పోస్తూనే ఉన్నావుగా," అని హెందార్తో వెళ్లిపోయాడు.

కస్మూరి ఫ్రిజ్‌లోంచి ఆ గ్రోత్ ఫ్యాక్టర్ మందు సీసా తీశాడు. మందు తీసే ముందు మట్టం దగ్గర గీత గీయడం అతను పెట్టిన పద్ధతి. పదకొండు రోజుల గీతలు మెట్లుగా కిందికి దిగాలి. అన్నీ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి, జలగలా నల్లగా ఉబ్బి ఉన్నాయి. ఎవరో మందు దొంగిలించి, గీత దాకా ఉప్పునీళ్లు పోస్తున్నారు. తను గుడ్డిగా దాని మీదే మళ్లీ గీస్తున్నాడు.

గీత ముందు గీస్తాడని ఆ నలభై మందికీ తెలుసు; తెలిసినవాడెవడూ సరిగ్గా గీత దాకా నింపి దొరికిపోడు. ఆ బల్ల దగ్గర ఒక్కరోజైనా కూర్చోనివాడు హెందార్తో ఒక్కడే. పోయిన వారం పండక్కి హెందార్తో భార్య తన అందాల క్లినిక్ నుంచి అందరికీ పంచిన క్రీము గుర్తొచ్చింది. డబ్బా మీద 'గ్రోత్ ఫ్యాక్టర్ కలిపినది' అని రాసి ఉండటం కూడా. ఆ పిల్ల వీపుకి దక్కాల్సింది కస్మూరి ఇంట్లో అతని భార్యే రోజూ బుగ్గలకి రాసుకుంటోంది. కస్మూరి తొట్టి దగ్గరికి వెళ్లి వాంతి చేసుకున్నాడు.

మర్నాడు ఇంటినుంచి తెచ్చిన క్రీము డబ్బానీ సీసానీ అందరి ముందూ హెందార్తో బల్ల మీద పెట్టాడు.

"గీత ముందు గీస్తాను బాబూ, తర్వాత కాదు. రెండేళ్లలో ఒక్కసారి అడిగుంటే తెలిసేది."

నెల తిరక్కుండా హెందార్తోకి ఇంకో ఊళ్లో ఇంకా పెద్ద కుర్చీ దొరికింది.

ప్రతి రోగి కణాల్లో కొన్నిటిని ఒక గొట్టంలో మొదటిరోజే గడ్డకట్టించి దాచడం కస్మూరి అలవాటు. దాన్ని కరిగించి, సీలు విప్పని సీసాతో మళ్లీ పెంచాడు. లరస్ మరో పంతొమ్మిది రోజులు బోర్లా పడుకుని ఏడ్చింది. ఇరవయ్యో రోజు కొత్త చర్మం అతికింది.

ఇప్పుడు లెక్క రెండు వందల పదిహేను. చెప్పేటప్పుడు అక్కడితో ఆపడు. పదకొండు రోజులు చూడకుండా గీసిన గీత సంగతి కూడా చెబుతాడు, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.