నేలదాకా దిగిన కిటికీ

చెవి వెనక పెన్సిల్ లేకుండా వడ్రంగి మేస్త్రిని ఎవరూ చూడలేదు. అద్దం బిగించే ముందు చట్రాన్ని అరచేత్తో నిమురుతాడు. గరుకు తగిలితే మళ్లీ చిత్రిక పడతాడు. మొన్న ఒకింట్లో, పెరటి వైపు గదికి నిలువెత్తు అద్దాల రెక్కలుండే ఫ్రెంచి తలుపులు పెట్టబోతే ముసలావిడ అడ్డుపడింది. కాలు విరిగి అతుక్కున్నా, ఏడాదిగా ఆవిడ ఆ గది దాటలేదు.

“నాకు తలుపెందుకయ్యా? కిటికీ చాలు.”

“ఇదీ కిటికీయేనమ్మా. ఫ్రెంచివాళ్లు వెలుగు కోసం కిటికీని నేలదాకా దించారట. అందుకే ఫ్రెంచి కిటికీ అని పేరు. మనమే తలుపంటున్నాం.”

ఆవిడ అడ్డు తప్పుకుంది. సాయంత్రానికి రెండు రెక్కలూ బిగిశాయి. మేస్త్రి ఉలి, రంపం సర్దుకుని తలెత్తేసరికి ఆవిడ గడప దగ్గర నిలబడి ఉంది. అతను చెయ్యందించబోయి ఆగాడు. ఆవిడే రెక్క పట్టుకుని, మెల్లగా పెరట్లో కాలు పెట్టింది. తర్వాత కోడల్ని కేకేసింది.

“అమ్మాయ్, నా కుర్చీ ఇక్కడికి తెచ్చిపెట్టు.”