అమ్మవారి చీరకు కత్తెర

మగవాడు సూది పట్టుకుంటే జనానికి ఎందుకంత నవ్వు వస్తుందో ఇన్నేళ్లయినా నాకు అర్థం కాలేదు. దర్జీ పట్టుకుంటే పని అంటారు, నేను పట్టుకుంటే పిచ్చి అన్నారు. డెబ్బయిల చివర్లో నేను నంద్యాలలో ఒక పత్తిమిల్లులో తూకాల దగ్గర పనిచేసేవాణ్ణి. బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. మిగతాదంతా లైబ్రరీ బల్ల ముందు కూర్చుని నేర్చుకున్నదే. పాతకాలపు మనుషులు ఏం కట్టుకున్నారో తెలుసుకోవడం నాకు మహా ఇష్టం. అహోబిలం వెళ్లినవాళ్లు దేవుడికి దండం పెట్టుకుని వస్తారు. నేను మంటపం స్తంభాల మీది ఆడబొమ్మల ముందు నిలబడి, కుచ్చిళ్లు ఎటు మడత పడ్డాయో, రవిక చెయ్యి ఎక్కడిదాకా దిగిందో కాగితం మీద గీసుకుని వచ్చేవాణ్ణి.

అందులో ఒక బొమ్మ ఉడుపును నా కూతురికి కుట్టాలని బుద్ధి పుట్టింది. రాయలకాలపు రాచపిల్ల ఉడుపు. నాటకానికీ కాదు, బడి పండుగకూ కాదు, ఊరికే నా సరదా. ఆ కాలంలో మిషను లేదు గనుక మొత్తం చేత్తోనే కుట్టాలని నా పట్టుదల. మా వీధి దర్జీ సాయిబు గడపలో నిలబడి ఎగతాళి చేసేవాడు.

"ఏందన్నా, నా మిషను ఖాళీగా పడుంటే చేత్తో కుడ్తాండావ్? నువ్వు కుట్టేలోపల రాచపిల్ల ముసల్దైపోతాది."

"రాయలోరి కాడ నీ మిషను ఉన్నిందా సాయిబూ?"

"ఉంటేనా? సైన్యానికంతా బేగా గుడ్డలు కుట్టిచ్చి ఇంకో రాజ్యం గెల్చుండేటోడు!"

అంతా సరదాగానే ఉంది, గుడ్డ దగ్గరే వచ్చింది చిక్కు. జరీ అంచు పట్టు కావాలి. అంగట్లో కొనే తాహతు నాకు లేదు. మహానందిలో అమ్మవారికి భక్తులు పెట్టిన చీరలను వేలం వేస్తుంటే పాట పాడాను. కుంకుమ రంగు చీర ఒకటి నాకు దక్కింది. అట్లాంటి చీరను ఆడవాళ్లు ప్రసాదమని కళ్లకద్దుకుని కట్టుకుంటారు. కట్టుకోవచ్చుగాని కత్తిరించకూడదట. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. నేను చీర మడత విప్పి సగానికి కత్తిరించేసరికి వంటింట్లోంచి వచ్చిన నా భార్య చేతిలో గిన్నె వదిలేసింది.

"అమ్మోరి చీరకు కత్తెర పెట్టినావా? పిల్లలు గలోనివి, నీకు భయం ల్యా?"

"గుడ్డకు కోపమొస్తాదా?" అన్నాను.

ఆ తర్వాత నేను కుట్టినన్నాళ్లూ ఆమె నా పక్కన కూర్చోలేదు. కుచ్చిళ్లు జరగకుండా కచ్చాకుట్టు వేస్తున్నా, అంచు మడిచి పైకి కనబడకుండా సన్నగా కుట్టుకొస్తున్నా, ఆమె దూరంగా గోడకానుకుని సూది కొస నుంచి కళ్లు తిప్పేది కాదు. ఎప్పుడూ తప్పని కుట్టు వంకర పోయేది, విప్పి మళ్లీ కుట్టేవాణ్ణి. అందుకు ఆమె మీద కోపం వచ్చేది.

ఉడుపు పూర్తయింది. పాప దాన్ని తొడుక్కుని ఇల్లంతా గిరగిరా తిరిగింది. అవ్వకు చూపించాలని మూట కట్టుకుని తల్లితో కలిసి ఆళ్లగడ్డ పోయింది. రెండు వారాలు తిరక్కముందే బస్సు దిగి వచ్చిన మా అత్తగారి ఊరివాడొకడు మిల్లు గేటు దగ్గర కబురు చెప్పాడు. "పాపకు జరమంటప్పా. నిన్ను బేగా రమ్మన్నారు."

బస్సులో నాకు నేను సర్ది చెప్పుకున్నాను. జ్వరాలు అందరు పిల్లలకూ వస్తాయి. దోమలుంటాయి, నీళ్లు బాగుండవు. నాకు తెలిసిన సైన్సంతా వరసగా గుర్తు చేసుకున్నాను. ఆళ్లగడ్డలో దిగి మా అత్త ఇంటి సందు తిరిగేసరికి గడపకు వేపమండలు కనిపించాయి. నా సైన్సు అక్కడే ఆగిపోయింది, కాళ్లు మాత్రం నడిచాయి.

పాప చాప మీద ఉంది. పెదవులు ఎండి పగిలాయి. ఎదమీద నాలుగైదు ఎర్రటి మచ్చలు. నేను పిలిస్తే కళ్లు తెరిచింది గాని నన్ను గుర్తుపట్టలేదు. నేను కుట్టిన ఉడుపు అమ్మవారి పటం ముందు పళ్లెంలో ఉంది, దాని మీద పసుపూ కుంకుమా చల్లి ఉన్నాయి.

"డాక్టరుకు చూపిచ్చినారా?" అని అడిగాను.

మా అత్త గడపకు అడ్డంగా కూర్చుంది. "ఇది అమ్మోరి జరం అల్లుడా. సూది ఏపిస్తే తల్లికి ఇంకా కోపమొస్తాది. నువ్వు చేసిన పనికి ముందు ఆమె కాళ్ల మీద పడు."

"పాప నన్ను గుర్తుపట్టల్యా అత్తా!"

"ఆ తల్లి గుర్తుపట్టింది నిన్ను. అందుకే ఇట్లయింది."

నిజంగా నా కత్తెర వల్లేనా అని ఒక్క క్షణం అనుకున్నాను. నాకు చదువు లేదని ఎగతాళి చేసిన ప్రతి పెద్దమనిషితోనూ పోట్లాడినవాణ్ణి, ఆ ముసలామెతో పోట్లాడకుండా పాప పక్కన కూలబడ్డాను. పాప ఊపిరి గురకలా వస్తోంది. సూది వేయిస్తే చస్తుందేమోనని ఒక భయం, వేయించకపోతే చస్తుందని ఒక భయం. రెండో భయమే పెద్దది. కాని అరిచి గోలపెడితే ఆమె గడప దిగనివ్వదు.

పళ్లెంలోంచి ఉడుపు తీశాను. పావడా కుచ్చిళ్ల కుట్లు తెంచి పూర్తిగా విప్పి పాపకు తల నుంచి కాళ్ల దాకా కప్పి చుట్టాను.

"అత్తా, ఇది ఎవరి చీర?"

"అమ్మోరిది."

"ఇట్లాంటిది కట్టుకున్న ఆడదానికి చెడుపు జరిగిందని యాడన్నా ఇన్నావా? పాప ఇప్పుడు ఆ తల్లి కొంగులో ఉండాది. ఆమె కొంగులోంచి నువ్వు గుంజుకుంటావా? ఆమెతోనే పోనీ నంద్యాలకు."

నాకే తెలియని ధైర్యంతో అబద్ధమో నిజమో అనేశాను. మా అత్త గడపలోంచి లేవలేదు. నా భార్యే కదిలింది. తల్లి పక్కనుంచి లేచి, పాపను చేతుల్లోకి తీసుకుని, "జరుగమ్మా" అంది. మా అత్త జరిగింది. చెప్పులు వేసుకుని మా వెనకే వచ్చింది కూడా.

అహోబిలం నుంచి తిరిగి వస్తున్న జీపు ఒకటి ఆపి ఎక్కాము. అందులో కూర్చున్న యాత్రికులు పట్టు గుడ్డలో చుట్టిన పిల్లను చూసి జరిగి చోటిచ్చారు. దారంతా నా అరచెయ్యి పాప ఎదమీదే ఉంది. జీపు గుంతలో ఎగిరిన ప్రతిసారీ ఊపిరి నా చేతికి తెలియక, మళ్లీ తెలిసేదాకా వంగి దాని ముక్కు దగ్గర చెవి పెట్టేవాణ్ణి. "ఉండమ్మా, ఉండమ్మా" అంటున్నాను. కూతురితో అంటున్నానో, చీర తల్లితో అంటున్నానో నాకే తెలియదు.

నంద్యాల ఆసుపత్రిలో డాక్టరు టైఫాయిడ్ అన్నాడు. ఇన్నాళ్లు ఏం చేస్తున్నారని కసిరాడు. నా భార్య తల వంచుకుంది. మా అత్త సూదిని చూసి కళ్లు గట్టిగా మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

నర్సమ్మ వచ్చి, "ఏందప్పా ఇది, పసుపూ మురికీ! ఈ గుడ్డ తీసేయండి, దుప్పటి ఇస్తాను" అంటూ చెయ్యి వేసింది. ఆమె చెప్పింది సబబే. వేరే ఎవరైనా ఆమెకు అడ్డం చెబితే నేనే వాదించి బుద్ధి చెప్పేవాణ్ణి.

"ఉండనీమ్మా," అన్నాను. "జరం దిగేదాంక ఉండనీ."

ఆ భయాన్ని నాలో పెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ మంటే. జ్వరం మందుతోనే దిగిందని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను. కాని పాప కళ్లు తెరిచి, "నాయనా, ఆకలి" అనేదాకా ఆ కొంగు మీంచి నా చెయ్యి తీయలేదు, ఎవరినీ తీయనివ్వలేదు.