తూర్పు రెక్క

మా వర్క్‌షాప్ మేస్త్రి పోయారు. సోమవారం పొద్దున కంపెనీ బస్సు దుబాయ్‌లో మా వర్క్‌షాప్ ఉన్న అల్ ఖూజ్‌కు వచ్చేసరికి ఆయన కూర్చునే కిటికీ సీటు ఖాళీగా ఉంది. "మేస్త్రి లేడమ్మా. లేబర్ క్యాంపుల నిద్రల్నే పాయె," అన్నాడు డ్రైవర్.

మేం ఇళ్ల చిన్న నమూనాలు చేస్తాం. ఇంగ్లీషు ప్లాన్లు చదివి నేను తెలుగులో చెబితే, మేస్త్రి చెక్కతో చేసేవారు. నేను రాగానే తన స్టూలు మీది పొట్టు దులిపి నాకు జరిపేవారు. ఏ ముక్కనైనా అతికించే ముందు ఒకసారి వాసన చూసేవారు.

ఆఖరిది ఇంగ్లండులోని ఒక పాత ఇల్లు. నడుమ కొన్ని వందల ఏళ్లనాటి కర్రచట్రం ఇల్లు. దాని ముందు, ఎప్పుడో తర్వాత కట్టిన ఎర్రిటుకల భాగం. తూర్పున ఇంకెవరో కలిపిన గదుల వరస. ప్లాన్‌లో 'ఈస్ట్ వింగ్' అని ఉంటే, కంగారులో 'తూర్పు రెక్క' అనేశాను.

"ఇంటికి రెక్కేంది బిడ్డా? కోడా, ఎగురనీకి?"

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయనకది రెక్కే. ముక్క అడుగున పెన్సిల్‌తో అలాగే రాసుకున్నారు.

పాత గదిలోంచి ఆ రెక్కలోకి రెండు మెట్లు దిగాలి. ప్లాన్ తప్పేమో అన్నాను.

"తప్పు గాదు. తర్వాత వచ్చినోడు ముందటోని ఇల్లు కూలగొట్టలే. పక్కన నిలవడ్డడు. గా అతుకు కనవడాలె."

అతుకులన్నీ పుట్టీతో పూడ్చి, మొత్తం తెల్లరంగు వేయమన్నారు మా ముదీర్, అంటే మేనేజరు.

"ఇంగ్లీషు సదివినదానివి. ముదీర్‌కు ఒక్క మాట చెప్పరాదు బిడ్డా?"

"చెప్తానండీ," అన్నాను.

కాన్వెంటులో మాకు అడిగితేనే మాట్లాడటం నేర్పారు. మూడు రోజులు మెయిల్ రాసి చెరిపేశాను. శుక్రవారం మేస్త్రి నా ముఖం వంక ఒకసారి చూసి, పుట్టీ డబ్బా తీశారు. ముందు భాగం అతుకు పూడ్చి, బస్సెక్కారు.

ఇంకా అతికించని తూర్పు రెక్క ఆయన బల్ల మీదే ఉండిపోయింది. ఈరోజు ముదీర్ గదికి వెళ్లి, ఆ రెక్క అతుకొక్కటైనా కనబడనివ్వమని అడిగాను. ఆయన ఫోన్‌లోంచి తలెత్తి, "యా, ఫైన్. లీవ్ ఇట్," అన్నారు. అర నిమిషం కూడా పట్టలేదు.

రెక్కను నేనే అతికించాను. ముందు వాసన చూశాను. సన్నటి గీతలా అతుకు కనబడుతోంది. ముందువైపు, మేస్త్రి పూడ్చిన చోట, వేలితో తడుముతూ వెతికాను. ఏమీ తగల్లేదు. అంత నున్నగా చేశారు.