గోడ మీద రెండు దెబ్బలు

దేవకి ఒకచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. తిరుత్తణిలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం సత్తుణవు, అదే సర్కారువారి భోజనం, వండుతుంది. రెండు వందల మందికి సాంబారు కాచి, గుండిగలు కడిగించి, రెండింటికి ఇల్లు చేరినా ఆమె కాలు నిలవదు. కానీ ఎనభై మూడులో ఆడికృత్తిక పండగ వెళ్ళిన ఆ వారం మాత్రం ఆమె తిరుగుడు వేరు. వాకిట్లోకి పోతుంది, వంటింట్లోకి వస్తుంది, గోడకు చెవి ఆనిస్తుంది, మళ్ళీ వాకిట్లోకి పోతుంది. ఒక రోజు బడిలో సాంబారుకు రెండుసార్లు ఉప్పు వేసింది. పిల్లలు మొహాలు చిట్లిస్తే, "తినండ్రా, ఉప్పు తింటే రోషం వస్తాది" అని గదమాయించింది కూడాను.

ఇంతకూ ఆమెను పీక్కుతింటున్నది ఒక కాలింగ్ బెల్లు.

ఆ బెల్లు మామగారిది. రైల్వేలో గార్డుగా చేసి, రిటైరైన ఏడాది మద్రాసులో కొనితెచ్చి హాల్లో బిగించాడు. వాకిట్లో బటన్ నొక్కితే టింగ్, వదిలితే టాంగ్. వీధంతా వచ్చి నొక్కి చూసిపోయింది. ఆయనా పోయి, అత్తా పోయాక కొడుకులిద్దరూ ఇల్లు పంచుకున్నారు. హాలు మధ్యలో గోడ లేచింది. వీధి వాకిలీ, దాని పక్కనున్న బటనూ పెద్దకొడుకు గోవిందస్వామికి, అంటే దేవకి మొగుడికి వచ్చాయి. బెల్లు పెట్టె ఉన్న భాగం చిన్నకొడుకు సుందరరాజ్‌కూ, అతని భార్య మునెమ్మకూ పోయింది. మేస్త్రీ తీగను తెంచకుండా అలాగే గోడలో పెట్టి కట్టేశాడు, మహానుభావుడు. ఇక దేవకి ఇంటికి ఎవరొచ్చి నొక్కినా మోగేది మునెమ్మ ఇంట్లోనే. మునెమ్మ వాకిలేమో పక్క సందులోకి ఉంది, దానికి బెల్లే లేదు.

తోడికోడళ్ళ మధ్య మాటలుంటే ఇదేం పెద్ద ఇబ్బంది? మాటలు లేవు. అత్త కర్మ రోజు చుట్టాలందరి ముందూ మునెమ్మ నోరు జారింది. "ఆఖర్న ఆయమ్మకు వేళకింత గంజి పోసినోళ్ళు లేరు" అంది. మూడేళ్ళు ఆ ముసలామెకు అన్నీ మంచం మీదే ఎత్తిపోసిన దేవకికి ఒళ్ళు మండిపోయింది. "కడుపు పండని దానికి సేవంటే ఏమి తెలుస్తాది?" అనేసింది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది, ఏం లాభం? మునెమ్మ ఏడవలేదు కూడా, లేచి లోపలికి పోయింది. ఆ నెలలోనే గోడ లేచింది. అన్నదమ్ములు మాత్రం స్టేషను దగ్గర టీ కొట్లో ఒకే బెంచీ మీద కూర్చుని టీ తాగుతారు. వాళ్ళకేం, మగమహారాజులు.

గోడ కట్టిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం దేవకి వంటింట్లో ఉండగా గోడ అవతల ధన్ ధన్‌మని రెండు దెబ్బలు వినిపించాయి. అదిరిపడి వాకిట్లోకి వస్తే తిరువళ్ళూరు నుంచి వచ్చిన తమ్ముడు తంగరాజు బటన్ మీద వేలు పెట్టి నిలబడి ఉన్నాడు. అప్పటినుంచి ఏడేళ్ళుగా ఎవరొచ్చినా అంతే. బెల్లు మునెమ్మకు, దెబ్బలు దేవకికి. ఆ దెబ్బలను బట్టే మునెమ్మ మంచిచెడ్డలు కనిపెట్టేది దేవకి. ఒంట్లో బాగాలేకపోతే మెల్లగా కొడుతుంది, సుందరరాజ్‌తో గొడవపడిన రోజు పెచ్చులూడేలా కొడుతుంది.

ఇప్పుడు పండగప్పటి నుంచీ ఆ దెబ్బలు లేవు. ఐదు రోజుల కిందట తంగరాజు వచ్చి నొక్కి నొక్కి విసిగి, "అక్కా, ఉండావా, పోయినావా?" అని వీధి అదిరేలా అరిస్తే గానీ ఆ సంగతి తెలియలేదు. మళ్ళీ నొక్కమని అతన్ని వాకిట్లో నిలబెట్టి, తను గోడకు చెవి పెట్టి విన్నది. ఎప్పుడూ సన్నగానైనా వినిపించే టింగ్ టాంగ్ లేదు. బెల్లు చెడిందా, లేక మునెమ్మే పెట్టె పీకి పారేసిందా? ఆ రెండో అనుమానమే ఆమెను నిలవనివ్వడం లేదు. పీకేసి ఉంటే ఇద్దరి మధ్యా ఇక ఏమీ మిగల్లేదన్నమాటే. ఎప్పటికైనా ఆ పాడు మాట వెనక్కి తీసుకోవచ్చన్న ఆశ కూడా పోయినట్టే.

గోవిందస్వామికి ఇవేవీ పట్టవు. "దీనికింత రభస ఎందుకే?" అని, ఫ్యాక్టరీ నుంచి వస్తూ కొత్త బెల్లు కొనితెచ్చి, మర్నాడు మధ్యాహ్నానికి వైర్‌మన్ రత్నస్వామిని రమ్మన్నాడు.

"అర్ధగంట పని అక్కా. ఈ గోడకే బిగిచ్చేస్తా" అన్నాడు రత్నస్వామి సంచి దింపుతూ.

"కొత్తది వద్దు. పాతది చూడు."

"అది ఆ పక్కింట్లో కదా ఉండాది?"

"అయితే ఆ పక్కకే పో. నేను పంపినానని మాత్రం చెప్పొద్దు."

"మరి ఎవురు పంపినారని చెప్పేది? కలెక్టరా?" అని నవ్వుకుంటూ పోయాడు రత్నస్వామి.

అతను తిరిగొచ్చేలోపు దేవకి అప్పటికే ఊడ్చిన ఇల్లు మళ్ళీ ఊడ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. అతను గుమ్మంలో కనిపించగానే చీపురు పట్టుకునే ఎదురెళ్ళింది.

"పెట్టె బాగుండాది అక్కా. దుమ్ము పడకుండా గుడ్డ కుట్టి కప్పిపెట్టిండాది ఆయమ్మ. ఆడనే తీగలు తాకించి చూసినా, బాగా మోగతాది."

"ఏమన్నా అనిందా?"

"అనింది. 'పండగ దినాల్లో కూడా ఆ ఇంటికి ఒక్కరూ రాలేదే, అక్కే బటన్ పీకించేసిందా? నేను గోడ కొట్టేది కూడా ఆమెకు ఇష్టం లేదా?' అని కండ్లనీళ్ళు పెట్టుకునింది."

రత్నస్వామి వాకిట్లోకి పోయి బటన్ మర విప్పి, లోపలికి తొంగిచూశాడు.

"అక్కా, పండక్కి ఈ గోడకు సున్నం కొట్టింది ఎవురు?"

దేవకి చేతిలో చీపురు కింద పెట్టేసింది. పండక్కి కొండకు కావళ్ళు మోసేవాళ్ళు తమ వీధినే పోతారు, ఇల్లు తెల్లగా కనబడాలని కుంచె ముంచి, బటనూ గిటనూ చూడకుండా బాదిపడేసింది తనే. లోపలి రేకుల మధ్య సున్నం గట్టిపడి కూర్చుంది. ఐదు రోజులుగా మునెమ్మ మీద లేనిపోనివన్నీ ఊహించుకుంది. తీరా చూస్తే చేసింది తను! సిగ్గుతో చచ్చిపోయింది.

రత్నస్వామి ఉప్పుకాగితంతో రేకులు రుద్ది, మర బిగించి, నొక్కాడు. అలా వేలు తీశాడో లేదో గోడ అవతల ధన్ ధన్. ఆ మోత చూస్తే మునెమ్మ పెట్టె కిందే కాచుకుని ఉన్నట్టుంది. దేవకి కళ్ళు తుడుచుకోవడానికి అటు తిరిగింది.

"సరి, ఈ కొత్తది ఏం చేసేది? అంగట్లో వాపసు ఇచ్చేద్దామా?"

"వద్దు. దాని బటన్ సందులో మునెమ్మ తలుపు కాడ పెట్టు. పెట్టె ఈడ, నా వంటింట్లో పెట్టు."

రత్నస్వామి వైరు చుట్ట పట్టుకుని నోరు తెరిచాడు. "ఆయమ్మ ఇంటికొచ్చినోళ్ళు నొక్కితే నీ ఇంట్లో మోగాలనా? ఏమక్కా, పిచ్చి పట్టిందా?"

"ఏడేండ్లు ఆమె కొట్టలా? నేను కొట్టకూడదా? పోయి అడుగు, పో."

అతను పోయి వచ్చి, "'పెట్టనీ' అనింది. అంతే" అన్నాడు.

నాలుగింటికల్లా పని ముగించి రత్నస్వామి వెళ్ళిపోయాడు. దేవకి రోకలి తెచ్చుకుని గోడ పక్కన నిలబడింది. కాసేపు కూర్చుంది, మళ్ళీ లేచింది. ఈ వేళకు మునెమ్మ ఇంటికి ఎవరు వస్తారు? రేపటిదాకా ఇలాగే కాచుకోవాలేమో అనుకుంటూ ఉండగానే కొత్త బెల్లు కర్రుమంది. దేవకి రెండు దెబ్బలు వేసింది. అవతల తలుపు చప్పుడు లేదు. మళ్ళీ కర్రుమంది. మళ్ళీ రెండు వేసింది. మూడోసారి మోగేసరికి ఓపిక నశించింది. ఏడేళ్ళుగా మూసి ఉంచిన సందువైపు కిటికీ ఒక్క తోపు తోసి కేకేసింది.

"మునెమ్మా! చెవుడా ఏమి నీకు? ఎవురో వచ్చినారు, తలుపు తియ్యవే!"

సందులో బటన్ మీద వేలు పెట్టి మునెమ్మే నిలబడి ఉంది. చెంపలు నెరిశాయి.

"వచ్చింది నేనేలే అక్కా" అంది. "తలుపు నువ్వే తియ్యాల."

దేవకి రోకలి అక్కడే పడేసి వీధి వాకిలికి పరిగెత్తింది. సున్నం సంగతి లోపలికి వచ్చి కూర్చున్నాక చెప్పింది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. ఏడేళ్ళుగా చెప్పాల్సిన ఆ ఇంకో మాటను మాత్రం, ఆమెను గడప దాటనివ్వకుండానే రెండు చేతులూ పట్టుకుని చెప్పేసింది.