ఏమంటారో ఆట, రేపటి పులుసు

ఇసకలో వేగుతున్న వేరుశనక్కాయల వాసన ఎక్కడ తగిలినా నాకు మా అవ్వ గుర్తొస్తుంది, ఆ వెనకే ఓడిపోయిన మా తాత ముఖమూ గుర్తొస్తుంది. మొన్న మా అమ్మాయి పుట్టినరోజు సాయంత్రం నెల్లూరులో మా ఫ్లాటు కిటికీలోంచి ఆ వాసన వస్తుండగా, హాల్లో పిల్లలంతా సెల్‌ఫోనులో ఒక ఆట మొదలుపెట్టారు. ఫోను ఒక ప్రశ్న వేస్తుంది, ఒకరు జవాబు కొడతారు, ఆ జవాబేమిటో తక్కినవాళ్ళు కనిపెట్టాలి. సరికొత్త ఆటట. సోఫాకి ఆ చివర మా ఆయన, ఈ చివర నేను కూర్చుని చూస్తున్నాం. పొద్దున కేకు విషయంలో మాటా మాటా పెరిగి ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. కొత్త ఆటేమీ కాదర్రా, ముత్తుకూరు దగ్గర మా పల్లెలో మేం దీన్ని పలక మీద ఆడి అరగదీశాం అని చెబుదామనుకున్నాను గానీ, వినేవాళ్ళెవరు?

మా పల్లెకి సముద్రం కనిపించేది కాదు, వినిపించేది. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే ఆ హోరు ఇంటి వెనకాలే ఉన్నట్టుండేది. బడికి సెలవిచ్చేవాళ్ళు, నారుమళ్ళు మునిగాయేమోనని తాత గొడుగేసుకుని గట్ల వెంబడి తిరిగి తిరిగి వచ్చి తల తుడుచుకునేవాడు, తడి కట్టెల పొగతో, ఆరని బట్టల ముక్క వాసనతో, గొడ్ల చావిట్లోంచి వచ్చే పేడ వాసనతో ఇల్లంతా నిండిపోయేది, అవ్వ బాణలిలో ఇసక పోసి శనక్కాయలు వేయించేది, ఆ వేడి వేడి కాయలు ఒళ్ళో పోసుకుని ఊదుకుంటూ మేమంతా నడవలో చేరేవాళ్ళం.

కరెంటు ఎటూ ఉండదు కనుక మా మేనత్త సరోజ కనిపెట్టిన ‘ఏమంటారో’ ఆట అప్పుడే సాగేది. ఒకరు పీట మీద కూర్చుంటారు. అత్త ఒక ప్రశ్న వేస్తుంది. పీట మీది మనిషి తన జవాబు పలక మీద రాసి దాచుకుంటే, ఏం రాసి ఉంటుందో తక్కినవాళ్ళు తలా ఒకటి చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్ళకి దోసెడు శనక్కాయలు. ఒకవేళ ఎవరూ చెప్పలేకపోతే అందరి కాయలూ పీట మీది మనిషివే. మా అన్న సుధాకరు పీటెక్కితే ఆ ఆటలో పసే లేదు, ఏ ప్రశ్నకైనా వాడి జవాబు తిండే. పెద్దయ్యాక ఏమవుతావంటే ‘బజ్జీల బండి’ అని రాసిన ఘనుడు.

తాత మాత్రం ఓటమి ఎరగడు. అందులోనూ అవ్వ పీట మీద ఉంటే, ఆమె బలపం కింద పెట్టకముందే జవాబు చెప్పేవాడు. ఏ ఊరి నీళ్ళు మంచివి, ఏ పండక్కి ఏ పిండివంట, ఏ కోడలి మీద కోపం, ఒక్కటీ తప్పేవాడు కాదు. ఇందులో విడ్డూరమేమిటంటే, నేను చెబుతున్న ఏడాది వేసవి నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

దానికి కారణం ఒక చట్టెడు చేపల పులుసు. మా వైపు పులుసు ఇవాళ వండితే రేపు తినాలి. రాత్రంతా మట్టి చట్టిలో ఊరి, మామిడికాయ పులుపు ముక్కకి పట్టాక గానీ దాన్ని పులుసు అనరు. వేసవిలో ఒకనాడు అవ్వ పులుసు దించి, మూత పెట్టి, ముత్తుకూరులో పేరంటానికి వెళ్ళింది. ఆమె అలా వెళ్ళగానే చిల్లకూరు నుంచి ఆమె సొంత అన్న దిగాడు. ఆకలి మీదున్న మనిషికి తాత ఆ వేడి పులుసే పోసేశాడు. ఆయన శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుని, “మా చెల్లెలి చెయ్యి మారినట్టుందే బావా” అని ఒక మాట వదిలేసి బస్సెక్కాడు.

“రేపటి పులుసు ఈ పొద్దే పోస్తాడా ఎవుడన్నా? మా అన్న కాడ నా పేరు తీసేసినాడు!” అని అవ్వ.

“చెప్పకుండా పొయ్యింది తాను. నాకేమన్నా కలొచ్చిందా?” అని తాత.

అంతటితో మాటలు బందు. పక్కనే ఉన్న మనిషికి కూడా “పాపా, నీళ్ళు కాగినాయని మీ తాతకి చెప్పు” అని నా ద్వారా కబురు. మేం బడికి వెళితే ఆ ఉద్యోగం కోడిపెట్టకి పడేది. “అన్నం చల్లారిపోతా ఉందని చెప్పవే” అని అవ్వ దానికి చెబితే, “వస్తా ఉండానని చెప్పు” అని తాతా దానికే చెప్పేవాడు. నవ్వొచ్చేది గానీ నాకు లోపల దిగులుగానే ఉండేది. తాత ఊరి కబుర్లన్నీ అవ్వకి చెబుతుంటేనే మేం వినేవాళ్ళం; అవి ఆగిపోయి ఇల్లు చప్పగా అయిపోయింది.

ఆ కార్తీకంలో ఒక వాన రోజు అవ్వ పీట మీద కూర్చుంది. తాత ముందు శనక్కాయలు గుట్టగా ఉన్నాయి. సరోజత్త ఉన్నట్టుండి, “పులుసు కాడ తప్పెవరిది?” అని అడిగేసింది. మా అమ్మ చల్లగా వంటింట్లోకి జారుకుంది. అవ్వ పలక మీద ఏదో గీకి కొంగు కప్పేసింది. అన్నా నేనూ ఒకే గొంతుతో “తాతది!” అన్నాం. అందులో కనిపెట్టడానికేముంది, ఊరందరికీ తెలిసిందే.

ఇక తాత వంతు. గెలవాలంటే అవ్వ జవాబు చెప్పాలి; అది చెప్పాలంటే ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చిన మాట నోటితో అనాలి. అనకపోతే ఓటమి ఎరగడన్న పేరు పోతుంది. తువ్వాలు దులిపాడు, గొడ్లకి గడ్డి వేశారా అని ఎవర్నో అడిగాడు, వాన తగ్గిందేమోనని చూరు కిందినుంచి తొంగి చూశాడు.

“నాదంటది,” అన్నాడు చివరికి.

“అంటది గింటది పనికిరాదు నాయనా. జవాబు మటుకే చెప్పాల,” అంది అత్త. ఒకసారి అన్న నసుగుతుంటే ఆ షరతు పెట్టింది తాతే.

“నాది! తప్పు నాది! చాలునా?” అని అరిచాడు తాత.

అవ్వ కొంగు తీసి పలక తిప్పింది. వంకర అక్షరాలతో ‘తప్పు నాదే’ అని ఉంది.

“తొండి!” అని తాత పీట మీదికి వచ్చేశాడు. “ఏమే, జన్మలో నువ్వీ మాట అనవే!”

“ఏమయ్యా, చెప్పకుండా పొయ్యింది నేను గాదా? ఆ కాయలిట్ట తొయ్యి.”

“నీది కాదే. ఆకలిగా ఉండాడు గదాని తొందరపడింది నేను.”

“మా అన్నకి ఆకలి లేనిదెప్పుడయ్యా?”

తప్పు నాదంటే నాదని చీకటి పడేదాకా పోట్లాడుకున్నారు. కోడిపెట్టకి ఆ రోజుతో ఉద్యోగం ఊడింది. అవ్వ నిజంగానే ఒప్పుకుందో, తాత ఏమంటాడో పసిగట్టి కాయల కోసం రాసిందో ఎవరికీ తెలియలేదు. అత్త కాయల కోసమే అంటుంది. ఎందుకైతేనేం, ఆ పొద్దు నాకు పట్టరాని సంతోషం.

ఇప్పుడు ఆ నడవా లేదు, ఆ పలకా లేదు. ఇల్లున్న చోట పోర్టు లారీలు ఆగుతున్నాయి. చట్టి పోయి స్టీలు గిన్నె వచ్చింది, రేపటి పులుసు నా ఫ్రిజ్‌లో ఊరుతోంది. ఇవన్నీ తలుచుకుంటూ ఉండగానే మా అమ్మాయి మా ఇద్దరి చేతుల్లో ఫోన్లు పెట్టింది. “నాన్న రాస్తాడు, అమ్మ కనిపెట్టాలి!” ప్రశ్న వచ్చింది: ‘మీ ఇంట్లో గొడవ జరిగితే తప్పెవరిది?’

ఆయన ఇంకేం రాస్తారు గనక? పళ్ళు కొరుక్కుంటూ ‘అమ్మది’ అని కొట్టాను. ఫోను కీచుమని అరిచి ఎర్రటి గుర్తు వేసింది. ఆయన రాసింది ‘నాన్నది’.

“అయ్యో, జవాబు కలవలేదు, సున్నా!” అన్నారు పిల్లలు. పాపం ఆ ఫోనుకేం తెలుసు. సోఫా ఆ చివర మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“ఏమండీ,” అన్నాను, “కింద శనక్కాయల బండి వెళ్ళిపోతా ఉంది, పోయి పట్టుకు రాగూడదా?”

చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు.