స్తంభం పక్క స్టూలు

మా పాటల బృందం రిహార్సల్ చేసుకునే హాలు ఒకప్పుడు ఎండు రొయ్యల గోదాము. టోవా పాయోలోని మా ఫ్లాట్ నుంచి బస్సులో కొద్ది దూరం. ఇప్పుడు గోడలకు స్పాంజి పలకలు, నేలకు తివాచీ, అద్దం వెనక రికార్డింగ్ గది. అయినా వాన పడిన రోజు సరుకుల లిఫ్ట్ తలుపు తీయగానే రొయ్యల వాసన గుప్పుమంటుంది. శనివారం మధ్యాహ్నాలు మావి. మా ఆయన బాణీలు కడతారు, తబలా వాయిస్తారు. పాడేది నేను.

పాడేది నేను అని అలవాటుకొద్దీ రాసేశాను. ఉండనివ్వండి.

ఆ హాలులో ఏసీ గాలి నేరుగా గొంతుకు కొట్టని చోటు ఒక్కటే ఉంది, స్తంభం పక్కన. అక్కడి ఎత్తు స్టూలు నాది. రాగానే దానిమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, కింద టీ తాగడానికి వెళ్ళేదాన్ని. ఈ పరాయి దేశపు ఊళ్ళో హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలిగా ఉన్నవాళ్ళైనా ఆ ప్యాకెట్‌ను కదపరు.

ఆ అమ్మాయి కదిపింది. యూనివర్సిటీలో పరిశోధన కోసం వరంగల్ నుంచి అప్పుడే దిగింది. కోరస్‌లో పాడతానని ఎవరి ద్వారానో వచ్చింది. నేను టీ తాగి వచ్చేసరికి నా స్టూలు ఎక్కి, నా ప్యాకెట్ చింపి, నా టిష్యూతో మెడ తుడుచుకుంటోంది.

"ఆంటీ, ఈడ టిష్యూలు గూడ పెడ్తరా? మంచిగున్నది," అంది.

అందరూ గొల్లుమన్నారు. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వి, "అది చోప్ అమ్మా, ఆ సీటు ఆంటీది," అన్నారు. ఆ పిల్ల నాలుక కరుచుకుని లేవబోయింది. పర్లేదు కూర్చోమన్నాను. మర్యాదకి అన్న మాటని పట్టుకుని నిజంగానే కూర్చుంది.

కూర్చున్నది ఊరుకుందా? ఎవరో కీబోర్డు మీద మా ఆయన కొత్త పాట వాయిస్తుంటే, విని, పల్లవి అందుకుంది. రికార్డింగ్ కోసం నేను వారాల తరబడి వంటింట్లో సాధన చేస్తున్న పాట అది. పైకి వెళ్ళే చోట నాకు ఊపిరి చాలదు. ఆ పిల్ల టిష్యూను ఉండ చుడుతూ హాయిగా వెళ్ళొచ్చింది. మా ఆయన తలెత్తి చూశారు. పెళ్ళయిన కొత్తలో నేను పాడితే అలా చూసేవారు.

తిరిగి వెళ్ళేటప్పుడు బస్సులో ఉండబట్టలేక అడిగాను.

"రికార్డింగ్‌లో పల్లవి ఎవరిదండీ?"

"చూద్దాంలే. అది సరేగానీ, ఆ పిల్ల గొంతు ఎలా ఉందంటావ్?"

"పీలగా ఉంది," అన్నాను.

అబద్ధం. బంగారం లాంటి గొంతు. అదే కదా నా ఏడుపు. చెడ్డగా పాడి ఉంటే నేనే పిలిచి పులిహోర పెట్టేదాన్ని.

ఆ పిల్లకి జలుబు చేయాలని దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. జలుబు నాకు చేసింది. మిరియాల కషాయం తాగి తాగి, రికార్డింగ్ నాటికి ఎలాగో గొంతు దారికి తెచ్చుకున్నాను.

ఆ రోజు మైకులు సర్దాలని మా ఆయన ముందే వెళ్ళారు. నేను వెళ్ళేసరికి స్తంభం పక్క స్టూలు మీద టిష్యూ ప్యాకెట్ ఉంది. గులాబీ రంగుది. నాది కాదు.

ఆ పిల్ల నన్ను చూసి పరుగున వచ్చింది. "అంకుల్ నన్ను ఈడ కూసోమన్నరు ఆంటీ. మీకు గూడ చోప్ చేసిన, రండి!" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. కోరస్ మైకు దగ్గర, వెనక వరసలో, సరిగ్గా ఏసీ కింద కుర్చీ. దానిమీద ఇంకో గులాబీ ప్యాకెట్, పక్కనే మడత పెట్టిన చున్నీ.

"గాలి కొడ్తది కదా, కప్పుకోండి. మొన్ననే జలుబు తగ్గిందట గద," అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన సుత్తితో తబలా సరిచేసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

ప్యాకెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చున్నీ కప్పుకున్నాను. వెచ్చగానే ఉంది. అందుకు ఇంకా మండింది.